పొద్దుగూకక ముందే



ఈ రోజు బైబిల్లోని ఒక చిన్న ఆజ్ఞ గురించి మాట్లాడుకుందాం. చిన్నదే గానీ ఇంట్లో, పొలంలో, బజారులో రోజూ పనికొస్తుంది. కూలి చేసినవాళ్ల డబ్బు పొద్దుగూకక ముందే వాళ్ల చేతిలో పెట్టాలి. ఇదీ ఆ ఆజ్ఞ. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో ఉంది.

మళ్లీ చెప్తున్నాను. ఏ రోజు కూలి ఆ రోజే. పొద్దుగూకక ముందే.

మాది పెద్దవంగర. మహబూబాబాద్ జిల్లా. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు మా ఊరు మండల కేంద్రమైంది. అంతకుముందు కొడకండ్ల మండలంలో ఉండేది. వరి, పత్తి, మిర్చి పండే ఊళ్లు మావి. ఇక్కడ కైకిలికి పోయేవాళ్లు వేరు, పిలిచేవాళ్లు వేరు అని గీత గీయలేం. సోమవారం ఎవరి మడిలోనో నాటు వేసిన మనిషే, గురువారం తన ఎకరం చెలకలో పత్తి ఏరడానికి నలుగురిని పిలుచుకుంటుంది. కాబట్టి ఈ ఆజ్ఞ మనలో ప్రతి ఒక్కరికీ తగులుతుంది. ఒకసారి తీసుకునే చెయ్యిగా, ఒకసారి ఇచ్చే చెయ్యిగా.

బైబిలు అంటే ఆదివారం గుడిలో వినేది, చావు దగ్గరా పెళ్లి దగ్గరా చదివేది అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. క్రైస్తవుల్లోనూ ఉన్నారు. పరలోకం గురించి అందులో ఉంది, నిజమే. కానీ అదే పుస్తకంలో తూకం రాళ్ల గురించి ఉంది. పొలం గట్టు రాళ్ల గురించి ఉంది. తప్పిపోయిన ఎద్దును ఎవరింటికి తోలాలో ఉంది. కొత్త ఇల్లు కడితే డాబా మీద పిట్టగోడ కట్టాలని, లేకపోతే ఎవరైనా పడి చస్తే ఆ పాపం ఇంటివాడిదేనని కూడా ఉంది. ఇవన్నీ సోమవారం నుంచి శనివారం దాకా పనికొచ్చే మాటలు. అందులో ఒక్కటే ఈ రోజు తీసుకున్నాను. కూలి.

పొద్దుగూకక ముందే అని ఎందుకు అన్నారు? వారానికో, పంట చేతికొచ్చాకో అనొచ్చు కదా?

కారణం ఆ అధ్యాయంలోనే చెప్పారు. ఆ మనిషి పేదవాడు. అతని ఆశంతా ఆ కూలి మీదే పెట్టుకుని ఉంటాడు. ఇంకొక సంగతి కూడా ఉంది. మన పంచాంగంలో రోజు సూర్యోదయంతో మొదలవుతుంది. యూదులకు రోజు సూర్యాస్తమయంతో మొదలవుతుంది. పొద్దుగూకిందంటే ఆ రోజు ఖాతా మూసినట్టే. ఆ తర్వాత ఇచ్చిన కూలి వాళ్ల లెక్కలో నిన్నటి బాకీ. రేపు ఇస్తానులే అనే మాటకు అక్కడ చోటే లేదు.

ఇప్పుడు మన ఊరికి వద్దాం. పత్తి ఏరిన ఒక అక్కను ఊహించుకోండి. పొద్దున ఇంటి పని చేసి, సద్ది కట్టుకుని, ఆటోలో ఇంకో ఊరికి పోయింది. పొద్దంతా వంగి ఏరింది. సాయంత్రం తూకమైంది. ఆసామి అన్నాడు, ఎల్లుండి రా అక్కా, ఇస్తాను అని. ఆయన మనసులో చెడు లేదు. పత్తి అమ్ముడుపోలేదు, అంతే. కానీ ఆ సాయంత్రం ఆమెకు ఏమవుతుందో చూడండి. అత్తకు షుగర్ గోళీలు అయిపోయాయి. కిరాణా కొట్టులో పాత ఖాతా ఉంది, కొత్తగా అడగాలంటే ముఖం చెల్లదు. తెల్లారితే మహిళా సంఘం కిస్తీ. ఆమె ఇంకొకరి దగ్గర చేబదులు తెస్తుంది. ఎల్లుండి ఆ ఊరికి పోవాలంటే ఆటో ఖర్చు. ఆ పూట పని పోయింది. పోయాక ఆసామి ఇంట్లో లేడు. మళ్లీ రావాలి. కూలి మొత్తం చేతికి వచ్చినా, అందులో ఎంత దారిలోనే అరిగిపోయిందో లెక్కేసుకోండి.

అన్నిటికన్నా పెద్ద బాధ వేరే ఉంది. గట్టిగా అడిగితే రేపటినుంచి పనికి పిలవరేమోనని భయం. అందుకని ఆమె అడగదు. ఊరుకుంటుంది. ఆమె ఊరుకుంది కాబట్టి తొందరేమీ లేదని ఆసామి అనుకుంటాడు.

ఆ ఊరుకోవడం గురించి కొత్త నిబంధనలో యాకోబు అనే పెద్ద రాసిన పత్రిక ఉంది. 5వ అధ్యాయం తీయండి. పొలం కోసినవాళ్ల కూలిని ఆసాములు బిగబట్టుకుంటే, ఆ బిగబట్టిన డబ్బే కేకలు వేస్తుందని ఆయన రాశాడు. కూలివాడు నోరు తెరవకపోయినా, పెట్టెలో ఉన్న అతని డబ్బు అరుస్తుంది. ఆ అరుపు దేవుడి చెవిన పడుతుంది. ఎంత కఠినమైన మాట అది. పేదవాడి మొర అని చాలాచోట్ల విన్నాం. డబ్బు మొర పెట్టడం ఇక్కడే చదివాను.

లేవీయకాండం 19వ అధ్యాయంలో కూడా ఇదే ఆజ్ఞ ఉంది. కూలివాడి సొమ్ము తెల్లారేదాకా నీ దగ్గర ఉండకూడదని 13వ వచనం చెప్తుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగుదాం. నిన్ను నువ్వు ఎట్లా ప్రేమించుకుంటావో నీ పొరుగువాణ్ని అట్లా ప్రేమించు అని యేసు చెప్పిన సంగతి క్రైస్తవులు కానివాళ్లకు కూడా తెలుసు. అది ఎక్కడిది? యేసు ఎక్కడినుంచి తీసుకున్నాడు? ఈ 19వ అధ్యాయం నుంచే. 18వ వచనం. కూలి మాట 13వ వచనంలో, ప్రేమ మాట 18వ వచనంలో. మధ్యలో ఉన్నవి నాలుగే వచనాలు. అంతకుముందు పొలం మూలల్లో పంట పేదలకు వదలమని ఉంది. తర్వాత తలనెరిసిన వాళ్ల ముందు లేచి నిలబడమని ఉంది. తప్పుడు తూకం పెట్టొద్దని ఉంది. పొరుగువాణ్ని ప్రేమించడం అంటే ఏమిటో ఆ అధ్యాయం మనకు పని చూపించి చెప్తుంది. ప్రేమ అంటే సరైన తూకం. ప్రేమ అంటే తెల్లారేదాకా ఆపని కూలి.

అందుకే నేను అంటాను. పొరుగువాణ్ని ప్రేమించడం ఎట్లా అని ఎవరైనా అడిగితే, ఈ సాయంత్రం మీరు ఎవరికి బాకీ ఉన్నారో ముందు చూసుకోండి.

యేసు కూడా కూలీల కథ ఒకటి చెప్పాడు. మత్తయి సువార్త 20వ అధ్యాయం. వరంగల్‌లో, జనగామలో పొద్దున్నే అడ్డా మీద నిలబడే సుతారి మేస్త్రీలు, పారలు పట్టుకున్న కూలీలు మనకు తెలుసు కదా. ఆ కథలోనూ అట్లాంటి అడ్డానే. ద్రాక్షతోట ఆసామి తెల్లవారగానే పోయి కొందరిని పిలుచుకున్నాడు. తొమ్మిదింటికి మళ్లీ పోయాడు. పన్నెండుకు, మూడింటికి పోయాడు. చివరికి సాయంత్రం అయిదింటికి కూడా పోయాడు. అప్పటికీ కొందరు అక్కడే నిలబడి ఉన్నారు. ఎందుకు ఊరికే నిలబడ్డారని అడిగితే, మమ్మల్ని ఎవరూ పిలవలేదన్నారు. వాళ్లనూ పిలుచుకున్నాడు. గంట పని చేసినవాళ్లకు కూడా పూర్తి రోజు కూలి ఇచ్చాడు.

ఈ కథ మీద దేవుడి దయ గురించి ఎన్నో ప్రసంగాలు వింటాం. సరైన ప్రసంగాలే. నా మనసు మాత్రం ఇంకొక చోట ఆగుతుంది. ఆ ఆసామి కూలి ఎప్పుడిచ్చాడు? ఆ సాయంత్రమే. పని అయిపోగానే గుమస్తాను పిలిచి అందరికీ ఇచ్చెయ్యమన్నాడు. దయ చూపించింది తర్వాత. ముందు ధర్మం నిలబెట్టాడు. పొద్దుగూకక ముందే అన్న పాత ఆజ్ఞను పాటించాడు. అందులోనూ చివర వచ్చినవాళ్లకు మొదట ఇప్పించాడు. రోజంతా పని దొరక్క అడ్డా మీద కుంగిపోయినవాళ్లు వాళ్లే కదా. పొయ్యి గురించి ఎక్కువ దిగులు వాళ్లకే కదా.

మన ప్రాంతంలో ఈ మాటలు మొదట విన్నవాళ్లు ఎవరో కూడా చెప్పుకోవాలి. మన జిల్లాలోనే డోర్నకల్ ఉంది. రైలెక్కి విజయవాడ వైపు పోయేవాళ్లందరికీ ఆ జంక్షన్ తెలుసు. బిషప్ అజరయ్య గారు పనిచేసిన ఊరు అది. ఆయన 1874లో తమిళ దేశంలో, తిరునల్వేలి ప్రాంతంలో పుట్టారు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆయనకు బిషప్‌గా అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన కట్టించిన ఎపిఫనీ కథీడ్రల్‌కు 1939లో ప్రతిష్ఠ జరిగింది. మసీదు గుమ్మటాలు, గుడి స్తంభాలు, చర్చి సిలువ మూడూ ఆ ఒక్క కట్టడంలో కనబడతాయి. వీలైతే పోయి చూడండి.

ఆయన సంఘాల్లో చేరినవాళ్లలో ఎక్కువమంది మాల, మాదిగ కుటుంబాల కూలీలు. అక్షరం రాదు. సువార్తలు తెలుగు అచ్చులో 1812లోనే సేరంపూర్‌లో వచ్చాయి గానీ, పుస్తకం చేతికిస్తే వీళ్లు ఏం చదువుతారు? అందుకని ఉపదేశకులు పది ఆజ్ఞలను, ప్రభువు నేర్పిన ప్రార్థనను నోటితో చెప్పి, చెప్పించి, కంఠస్థం చేయించేవాళ్లు. కథలను పాటలుగా కట్టి పాడించేవాళ్లు. పొద్దంతా పొలం పని. చీకటి పడ్డాక దీపం దగ్గర వాక్యం. ఆ రోజుల్లో దొరల దగ్గర వెట్టి చేసిన మనిషికి, కూలి ఆపడం పాపమని దేవుడే అన్నాడని మొదటిసారి విన్నప్పుడు ఎట్లా ఉండి ఉంటుందో ఆలోచించండి. తన చెమటకు వెల ఉందని, ఆ వెల అడగడం తప్పు కాదని ఒక పెద్ద పుస్తకమే చెప్తోంది.

వెట్టి అంటే కొత్త తరానికి తెలియకపోవచ్చు. కూలి లేని పని. దొర కబురు పెడితే పోవాల్సిందే. మాకు దగ్గర్లోనే విసునూరు దేశ్‌ముఖ్ గడి ఉంది. ఆ దేశ్‌ముఖ్ మనుషుల తుపాకీ గుండుకు కడవెండిలో దొడ్డి కొమరయ్య 1946 జూలై 4న ఒరిగిపోయాడు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తన పంటను, తన చేనును వదలనని నిలబడింది. ఇవన్నీ మన చుట్టుపక్కల ఊళ్లే.

బైబిల్లో యిర్మీయా అనే ప్రవక్త ఇట్లాంటి గడి కట్టిన ఒక రాజును నిలదీశాడు. ఆ రాజు పేరు యెహోయాకీము. కిటికీలు పెట్టించి, దేవదారు పలకలు పరిపించి, మంచి రంగులు వేయించి పెద్ద మేడ కట్టుకున్నాడు. పనివాళ్లకు మాత్రం జీతం ఇవ్వలేదు. యిర్మీయా ఆ రాజు తండ్రిని గుర్తు చేశాడు. మీ నాయన కూడా తిన్నాడు, తాగాడు, కానీ దీనులకు న్యాయం చేశాడు, నన్ను ఎరగడమంటే అదే కదా అని దేవుడి మాటగా చెప్పాడు. దేవుణ్ని ఎరగడం అంటే పేదవాడికి న్యాయం చేయడం. యిర్మీయా గ్రంథం 22వ అధ్యాయం. ఇంట్లో బైబిలు ఉంటే ఈ రాత్రి తీసి చూడండి.

ద్వితీయోపదేశకాండంలో కూడా, ఈ ఆజ్ఞలన్నీ చెప్పి, చివర ఒక మాట గుర్తు చేస్తారు. మీరూ ఒకప్పుడు ఐగుప్తులో బానిసలుగా ఉన్నవాళ్లే, మరిచిపోకండి అని. మన విషయంలోనూ అంతే. ఈ రోజు రెండెకరాలు సంపాదించుకుని కూలీలను పిలుస్తున్న ఇళ్లలో, వెట్టి చేసిన తాతలు ఎంతమంది ఉన్నారో ఆ ఇళ్లవాళ్లకు తెలుసు. తాత పడ్డ బాధను గుర్తుపెట్టుకున్న మనవడు, పత్తి ఏరిన మనిషిని ఎల్లుండి రమ్మనకూడదు.

సరే, ఇదంతా వినడానికి బాగానే ఉంది, చేతిలో డబ్బు లేకపోతే ఏం చేయాలి అని మీరు అడగొచ్చు. న్యాయమైన ప్రశ్న. మన రైతు మీదా జాలిపడాలి. వడ్లు కొనుగోలు కేంద్రంలో పోసి కాంటా కోసం కాపలా కాస్తాడు. తూకమయ్యాక డబ్బు ఖాతాలో పడేదాకా ఎదురుచూస్తాడు. అక్కడ అతనే కూలివాడు, అతనికి రావాల్సింది ఆగింది. పొద్దుగూకక ముందే అన్న ఆజ్ఞ వ్యాపారికీ వర్తిస్తుంది, ప్రభుత్వానికీ వర్తిస్తుంది. 2005లో వచ్చిన ఉపాధి హామీ చట్టం కూలి డబ్బులకు 15 రోజుల గడువు పెట్టింది. ఆ గడువు కూడా దాటిపోయిన సందర్భాలు మన కూలీలకు తెలుసు. పై నుంచి ఆగినదంతా మెట్టు మెట్టు దిగి, చివరికి పత్తి ఏరిన మనిషి పొయ్యి దగ్గర ఆగుతుంది.

అయినా మన చేతిలో ఉన్నది ఒకటి ఉంది. లూకా సువార్త 14వ అధ్యాయంలో యేసు ఒక ఉదాహరణ చెప్పాడు. గోపురం కట్టాలనుకున్నవాడు ముందు కూర్చుని ఖర్చు లెక్క వేసుకోడా? పునాది వేసి ఆపేస్తే చూసినవాళ్లు నవ్వరా? మన ఊళ్లలో స్లాబు దాకా లేచి ఆగిపోయిన గోడలు ఎన్ని లేవు. ఈ ఉదాహరణను కూలి దగ్గర పెట్టి చూడండి. కూలీలను పిలవకముందే కూలి సిద్ధం చేసుకోవాలి. విత్తనానికి డబ్బు ముందే పెడతాం. యూరియాకు, మందుకు ముందే పెడతాం. ట్రాక్టరు కిరాయి ముందే మాట్లాడుకుంటాం. ఏరే చేతుల డబ్బు మాత్రం పంట అమ్మాక అంటాం. ఎందుకంటే విత్తనాల దుకాణం వాడు ఊరుకోడు, ఆ అక్క ఊరుకుంటుంది. పెట్టుబడి లెక్కలో కూలిని చివర రాయకండి. మొదట రాయండి.

ముందురోజు రాత్రే ఎంతమంది వస్తారో చూసుకుని, చిల్లరతో సహా తెచ్చి పెట్టుకోండి. సాయంత్రం పెద్ద నోటు చూపించి చిల్లర లేదు రేపు తీసుకో అంటే, అది కూడా ఆపడమే.

ఇంకొక మాట. ఇప్పుడు చాలామంది ఫోన్‌లో డబ్బు పంపిస్తున్నారు. మంచిదే. కానీ పనిచేసిన ఆమెకు ఫోన్ లేకపోతే, ఆమె భర్త ఫోన్‌కు పంపిస్తున్నారు. కొన్ని ఇళ్లలో ఆ డబ్బు ఇల్లు చేరదు. బెల్టు షాపుకు చేరుతుంది. పని చేసింది ఆమె. కూలి ఆమె చేతికే రావాలి. గుంపు మేస్త్రికి ఇచ్చి పంచుకోమన్నా, ప్రతి మనిషికీ అందిందో లేదో ఒకసారి అడగండి.

నిజంగానే ఆ రోజు ఇవ్వలేని పరిస్థితి ఉంటే, ఆ సంగతి పొద్దున్నే చెప్పండి. పనిలో దిగకముందు చెప్పండి. ఫలానా రోజు ఇస్తానని తేదీ చెప్పండి. ఇష్టమైతే వస్తారు, లేకపోతే ఇంకొక చోటికి పోతారు. ఆ తేదీన మీరే వాళ్ల ఇంటికి పోయి ఇవ్వండి. వాళ్లను మీ వాకిట్లోకి తిప్పుకోకండి.

ఆ ఆజ్ఞలో ఇంకొక మాట ఉంది. కూలివాడు మీ వాడైనా, మీ ఊళ్లో ఉంటున్న పరదేశి అయినా ఒకటే అని. భూపాలపల్లి వైపు, గోదావరి ఒడ్డున, మిర్చి ఏరడానికి ఛత్తీస్‌గఢ్ నుంచి కుటుంబాలు వస్తాయి. చేను పక్కనే గుడిసెలు వేసుకుంటారు. భాష రాదు. ఏరిన బస్తాలు ఎన్నో, వచ్చే డబ్బు ఎంతో అడగడానికి కూడా మాట కావాలి. మనవాళ్లకు ఆపితే ఊరివాళ్లు నలుగురు అడుగుతారు. వాళ్లకు ఆపితే అడిగేవాళ్లు లేరు. అట్లాంటి మనిషినే ఆ వచనం పేరు పెట్టి చెప్పింది.

పొద్దుగూకక ముందే చేయాల్సిన పని ఇంకొకటి కూడా అదే అధ్యాయంలో ఉంది. తాకట్టు. పేదవాడు తన దుప్పటిని తాకట్టు పెట్టి అప్పు తీసుకుంటే, పొద్దుగూకేసరికి ఆ దుప్పటి తిరిగి ఇచ్చేయాలి. అతనికి రాత్రి కప్పుకోవడానికి ఉన్నది అదొక్కటే కదా. మన గొల్ల కురుమల గొంగడిని తలుచుకోండి. వానకు అదే, చలికి అదే, పడుకుంటే అదే. నిర్గమకాండం 22వ అధ్యాయంలో దేవుడే అడుగుతాడు, అది తీసుకుంటే అతను ఏం కప్పుకుని పడుకుంటాడని.

ఇది పుస్తకంలో రాసుకున్న మాట మాత్రమే కాదు. 1960లో ఇజ్రాయెల్ సముద్ర తీరంలో, ఒక పాత కోట తవ్వకాల్లో ఒక కుండపెంకు దొరికింది. దాని మీద సిరాతో రాసిన అర్జీ ఉంది. సుమారు 2,600 ఏళ్ల కిందటిది. ఒక కోతకూలి తన అధికారికి పెట్టుకున్న మొర అది. నా వంతు కోత కోశాను, కొలిచి కొట్టులో పెట్టాను, అయినా మేస్త్రి నా వస్త్రం లాక్కుపోయాడు, నాతో కోసినవాళ్లే సాక్ష్యం, నా వస్త్రం నాకు ఇప్పించండి అని దాని భావం. ఆ మనిషికి న్యాయం జరిగిందో లేదో పెంకు మీద లేదు. మొర మాత్రం మిగిలింది.

తాకట్టు గురించి ఇంకా రెండు మాటలు ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలోనే ఉన్నాయి. ఇసుర్రాయిని తాకట్టు పట్టొద్దు. అది పోతే ఆ ఇంట్లో పిండి లేదు, రొట్టె లేదు. అంటే బతుకుదెరువును తాకట్టు పట్టొద్దని అర్థం. ఈ రోజు ఇసుర్రాయి లేదు గానీ, అప్పిచ్చి ఏటీఎం కార్డు దగ్గర పెట్టుకునేవాళ్లు ఉన్నారు. పట్టా పాసుపుస్తకం పెట్టుకునేవాళ్లు ఉన్నారు. రెండో మాట ఇంకా గొప్పది. అప్పిచ్చినవాడు తాకట్టు వస్తువు కోసం ఆ ఇంట్లోకి పోకూడదు. బయటే నిలబడాలి. అప్పు తీసుకున్నవాడే దాన్ని బయటికి తెచ్చి ఇవ్వాలి. అప్పు ఉన్నంత మాత్రాన అతని గడప అప్పిచ్చినవాడిది కాదు. అతని భార్యాపిల్లల ముందు అతని పరువు అతనిదే.

2010లో మన దగ్గర మైక్రోఫైనాన్స్ అప్పుల గొడవ గుర్తుందా? వసూలుకు వచ్చినవాళ్లు ఇళ్ల ముందు కూర్చున్న రోజులు అవి. ఆ ఏడాది అక్టోబరులో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఒక ఆర్డినెన్స్ తెచ్చింది. వాయిదాలు గ్రామ పంచాయతీ ఆఫీసులో గానీ, కలెక్టర్ చూపించిన బహిరంగ స్థలంలో గానీ కట్టించుకోవాలని అందులో పెట్టారు. గడప బయటే ఆగమన్న ఆ పాత మాటకు ఇది ఎంత దగ్గరగా ఉందో చూడండి.

మూడోది కోపం. ఎఫెసు సంఘానికి రాసిన పత్రికలో, 4వ అధ్యాయంలో, కోపాన్ని కూడా పొద్దుగూకేదాకా ఉంచుకోవద్దని పౌలు రాశాడు. కోపమే రావొద్దు అనలేదు. దానికి గడువు పెట్టాడు. గట్టు దగ్గర అన్నదమ్ముల తగాదా, కాలువ నీళ్ల వంతు దగ్గర పక్క రైతుతో మాటామాటా. మొదటి రాత్రి అది జానెడు గట్టు తగాదా. నెల తర్వాత అది పంచాయితీ. ఏడాది తర్వాత కోర్టు. మొదటి సాయంత్రమే ఒకరు పోయి మాట్లాడితే జానెడు దగ్గరే ఆగుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక చెప్పాలి. ఈ మాటను దెబ్బలు తిన్న ఆడమనిషికి చెప్పి, పొద్దుగూకక ముందే సర్దుకుపో అని ఇంటికి పంపేవాళ్లు ఉన్నారు. అది వాక్యాన్ని వంకర చేయడం. ఎవరి కోపాన్ని వాళ్లు అదుపు చేసుకోమని చెప్పిన మాట అది. కొట్టించుకున్న మనిషి నోరు మూయడానికి కాదు. ఇంట్లో హింస ఉంటే 181కి ఫోన్ చేయండి. సాయం అడగడం పాపం కాదు.

కూలి, తాకట్టు, కోపం. మూడింటికీ గడువు ఒకటే. పొద్దుగూకక ముందే. మూడూ ఒకేసారి పట్టుకోనక్కర్లేదు. ముందు కూలితో మొదలుపెట్టండి. రోజూ దీపం పెట్టే వేళకు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ రోజు ఎవరి చెమట డబ్బు నా దగ్గర ఉండిపోయింది? కైకిలి వాళ్లదా? పాలు పోసే ఆమెదా? బట్టలు కుట్టిన దర్జీదా? ఇవ్వగలిగింది అప్పుడే ఇచ్చేయండి. ఈ ప్రశ్న క్రైస్తవులకే కాదు. చెమట ఆరకముందే కూలి ఇవ్వాలని ప్రవక్త బోధగా మన ముస్లిం సోదరులు కూడా చెప్తారు.

చివరగా, ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయంలో కూలి తర్వాత వచ్చే మాట. పరిగె. కోత కోస్తూ పొలంలో ఒక పన మరిచిపోతే, తిరిగి పోయి తెచ్చుకోవద్దు. అది పరదేశికి, తల్లిదండ్రులు లేనివాళ్లకు, విధవరాళ్లకు. రూతు ఇట్లాగే బతికింది. మోయాబు నుంచి వచ్చిన పరదేశి. భర్త పోయాడు. ముసలి అత్తను సాకాలి. బెత్లెహేములో బోయజు చేనులో పరిగె ఏరుకుంది. కొన్ని కంకులు కావాలనే వదలండి, ఆమెను ఏమీ అనకండి అని బోయజు కోతవాళ్లకు చెప్పాడు. సాయంత్రం దులిపితే తూమెడు యవలు అయ్యాయి. ఆ రూతు మునిమనవడే దావీదు రాజు. మత్తయి రాసిన యేసు వంశావళిలో ఆమె పేరు ఉంది.

ఇప్పుడు మన వరి కోత మిషన్ చేస్తోంది. కోతకు పోయే ఆడవాళ్ల కూలి పోయింది. మిషన్ పోయాక మూలల్లో, గట్ల వెంట, పడిపోయిన చోట కంకులు మిగులుతాయి. ఒంటరి ముసలమ్మలు, కోళ్లు పెంచుకునేవాళ్లు వాటిని ఏరుకుంటారు. అయితే చాలామంది వెంటనే కొయ్యకాళ్లకు నిప్పు పెడుతున్నారు. భూమికీ నష్టమే, గాలికీ నష్టమే, పరిగె కూడా బూడిదే. రైతు సోదరులకు నాది ఒక మనవి. వచ్చే యాసంగి కోతలప్పుడు నిప్పు పెట్టకండి. దున్నేముందు రెండు రోజులు ఆగండి. ఫలానా రోజు దాకా ట్రాక్టరు పెట్టం, వచ్చి ఏరుకోండి అని వాడలో ముందే చెప్పండి.